చల్లటి నిప్పు కోసం

1959. బోస్టన్ నగరాన్ని ఆనుకుని ఉన్న ఎవరెట్ అనే పారిశ్రామిక పట్నం. ఆవ్‌కో సంస్థ పరిశోధనశాలలో రిచర్డ్ రోసా ఒక యంత్రాన్ని నడుపుతున్నాడు. యంత్రమనే మాటే గానీ అందులో కదిలే భాగం ఒక్కటీ లేదు. చక్రం లేదు, ఇరుసు లేదు, గిర్రున తిరిగే రెక్కలు లేవు. ఒక చివర విద్యుత్ ఆర్క్‌లో ఆర్గాన్ వాయువు కాగుతుంది. అందులో కొంచెం పొటాషియం లవణం పడుతుంది. నిప్పులు కక్కే ఆ వాయువు ఇరుకు గొట్టంలోంచి దూసుకుపోతుంది. గొట్టానికి ఒక జత వైపుల అయస్కాంత ధ్రువాలు, రెండో జత వైపుల ఎలక్ట్రోడ్లు. అంతే.

కరెంటు వచ్చింది. 10 కిలోవాట్ల పైచిలుకు.

ఆ పరిశోధనశాల కరెంటు కోసం పుట్టింది కాదు. ఆర్థర్ కాంట్రోవిట్జ్ 1955లో దాన్ని పెట్టింది క్షిపణుల కోసం. ఖండాంతర క్షిపణి వాతావరణంలోకి తిరిగి దిగేటప్పుడు దాని ముక్కు ముందు గాలి ఎంత కాగుతుంది, ఆ వేడికి ఏ పదార్థం తట్టుకుంటుంది అన్నదే వాళ్ల పని. వేల డిగ్రీల వాయువుతో వాళ్లకు రోజూ సహవాసం. అంత కాగిన గాలి విద్యుత్తును మోస్తుందని వాళ్లకు బాగా తెలుసు. అలాంటి గాలిని అయస్కాంతం ముందు పరిగెత్తిస్తే బాయిలర్, ఆవిరి, టర్బైన్ అన్న మధ్యవర్తులెవరూ లేకుండా వేడి నేరుగా కరెంటు అవుతుంది. దీనికే మాగ్నెటోహైడ్రోడైనమిక్స్ అని పేరు. ఇంజినీర్లు ఎమ్‌హెచ్‌డీ అంటారు.

ఆలోచన రోసాది కాదు. 1832 జనవరిలో మైకేల్ ఫారడే లండన్‌లో వాటర్లూ వంతెన పిట్టగోడ మీద 960 అడుగుల రాగి తీగ పరిచాడు. దాని రెండు చివర్ల నుంచి లోహపు పలకలను థేమ్స్ నదిలోకి దించాడు. ఉప్పు కలిసిన నది నీరు భూమి అయస్కాంత క్షేత్రాన్ని కోసుకుంటూ పారుతోంది కాబట్టి తీగలో విద్యుత్తు పుట్టాలి. గాల్వనోమీటరు ముల్లు కదిలింది గానీ పద్ధతీ పాడూ లేకుండా కదిలింది. నది నుంచి వస్తున్నదేదో, పలకల దగ్గర జరిగే రసాయన చర్య నుంచి వస్తున్నదేదో తేలలేదు.

ఫారడే నీటికీ రోసా మంటకీ ఒక విచిత్రమైన చుట్టరికం ఉంది. రాగి విద్యుత్ వాహకత మీటరుకు దాదాపు 6 కోట్ల సీమెన్స్. సముద్రపు నీటిది సుమారు 5. పొటాషియం కలిపి 2500 కెల్విన్‌కు, అంటే 2200 సెల్సియస్ డిగ్రీలకు పైగా, కాచిన వాయువుది 10 అటూ ఇటూ. ఇంత మంట పెట్టి, ఇంత ఖర్చు చేసి సాధించింది సముద్రపు నీటి కన్నా కాస్త మెరుగైన వాహకాన్ని! అయితే నీరు చేయలేని పని వాయువు చేస్తుంది. సెకనుకు కిలోమీటరు వేగంతో పోగలదు. వచ్చే శక్తి వేగం, అయస్కాంత బలం రెండింటి వర్గాలతో పెరుగుతుంది. ఆ వేగం, 5 టెస్లాల అయస్కాంతం, వాహకత 10 ఉంటే ఒక ఘనపు మీటరు మంట నుంచి 60 మెగావాట్లు లాగొచ్చని కాగితం మీద లెక్క. అందుకే విద్యుత్ సంస్థలు చెవులు రిక్కించాయి. అప్పటి ఆవిరి కేంద్రాలు బొగ్గులోని శక్తిలో మహా అయితే 40 శాతాన్ని కరెంటుగా మార్చేవి. ముందు ఎమ్‌హెచ్‌డీ గొట్టం, దాని వెనకాల మామూలు బాయిలర్ పెడితే 50 నుంచి 60 శాతం వస్తుందని ఆశ.

అడ్డుపడింది ఒక్కటే, వేడి. ఇనుము 1811 కెల్విన్ దగ్గర కరిగిపోతుంది. ఇక్కడ వాయువు అంతకు 700 డిగ్రీలు పైన ఉంది. ఎలక్ట్రోడ్లు అరిగిపోతాయి, గోడల సిరామిక్ పగులుతుంది, పొటాషియం అన్ని సందుల్లోకీ దూరి కొరుకుతుంది. రోసా యంత్రం లాగా కాసేపు నడిపి ఆపడం వేరు, విద్యుత్ కేంద్రంలో ఏళ్ల తరబడి నడపడం వేరు.

మరి వేడి తగ్గిస్తే?

తగ్గించనివ్వదు. ఎందుకు తగ్గించనివ్వదో కాగితం మీద పెట్టినవాడు మనవాడే. 1919, 20 ప్రాంతాల్లో కలకత్తా యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ సైన్స్‌లో మేఘనాద్ సాహా ఎమ్మెస్సీ విద్యార్థులకు ఉష్ణగతిక శాస్త్రం, వర్ణపట శాస్త్రం చెప్పేవాడు. ఢాకా దగ్గరి పల్లెలో చిన్న దుకాణదారు కొడుకు. ఇరవై ఆరేళ్ల వయసు. జర్మన్ చదవడం వచ్చు. జాన్ ఎగ్గర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త నక్షత్రాల లోపలి పరమాణువుల చీలికను రసాయన చర్యలా లెక్కగట్టిన వ్యాసం చేతికొచ్చింది. అందులో ఒక లోటు సాహా కంటపడింది. పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడబెరకడానికి ఎంత శక్తి కావాలో ఎగ్గర్ట్ అంచనాగా వేసుకున్నాడు. ప్రయోగశాలల్లో కొలిచిన అంకెలు ఉండగా అంచనాలెందుకు? వాటిని సూత్రంలో పెట్టాడు. 1920లో ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో అచ్చయిన ఆ సమీకరణం సాహా పేరుతో స్థిరపడింది.

దాన్ని రోసా గొట్టానికి పెట్టి చూడండి. పొటాషియం నుంచి ఎలక్ట్రాన్‌ను లాగడానికి 4.34 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. సీసియంకు 3.89 చాలు. ఆర్గాన్‌కైతే 15.76. వాయువులో తక్కువ శక్తికి లొంగే క్షార లోహాన్ని చిటికెడు కలపడంలో కిటుకు అదే. అయినా 2500 కెల్విన్ నుంచి 2000కు దించితే పొటాషియం ఇచ్చే ఎలక్ట్రాన్లు సుమారు పదమూడో వంతుకు పడిపోతాయి. ఇంకో 500 దించితే అందులో మళ్లీ డెబ్బయ్యో వంతే మిగులుతాయి. మెట్లు దిగడం కాదిది, గోడ మీంచి కిందపడటం.

సాహా మాత్రం అప్పట్లో కరెంటు గురించి ఆలోచించలేదు. ఆయన చూపంతా సూర్యుడి మీద. సూర్యకాంతి వర్ణపటంలో రుబీడియం, సీసియం గీతలు ఎందుకు కనబడవు? సూర్యుడిలో అవి లేవా? ఉన్నాయి, కానీ ఆ వేడికి ప్రతి పరమాణువూ తన ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకుంది, అందుకే ఆ గీతలు మాయమయ్యాయి అన్నాడు సాహా. చల్లగా ఉండే సూర్యమచ్చల్లో వెతకమన్నాడు. అమెరికాలో హెన్రీ నోరిస్ రస్సెల్ వెతికితే మచ్చల వర్ణపటంలో రుబీడియం దొరికింది. సీసియం మొత్తం అయానులుగా మారిపోవడం అన్న ఈ సంగతిని పాఠకులు కాస్త పక్కన పెట్టి ఉంచుకోవాలి.

సాహా సమీకరణానికి ఒక షరతు ఉంది. వాయువూ ఎలక్ట్రాన్లూ ఒకే ఉష్ణోగ్రతలో ఉండాలి. ఆ షరతునే దాటేస్తే? ఆ ప్రయత్నం రోసాకు ముందే ఒకసారి జరిగి ఓడిపోయింది. హంగేరీ ఇంజినీరు బేలా కార్లోవిట్జ్ 1938 నుంచి 1946 దాకా అమెరికాలోని వెస్టింగ్‌హౌస్‌లో, వాయువును మరీ కాచకుండా ఎలక్ట్రాన్ పుంజాలతో అయనీకరించాలని చూశాడు. పుట్టిన ఎలక్ట్రాన్లు పుట్టినంత వేగంగా అయానుల్లో కలిసిపోయాయి. యంత్రం మూలన పడింది.

1960లో ఎమ్‌ఐటీకి వచ్చిన జాక్ కెర్రెబ్రాక్ ఇంకో దారి పట్టుకున్నాడు. బయటి నుంచి పుంజాలెందుకు? గొట్టంలో పుట్టే విద్యుత్ క్షేత్రమే ఎలక్ట్రాన్లను తోస్తుంది కదా, ఆ తోపుతోనే వాటిని వేడెక్కించవచ్చు. ఎలక్ట్రాన్ వేడెక్కినా వాయువు వేడెక్కకూడదంటే రెండింటికీ లావాదేవీలు తక్కువగా ఉండాలి. ఆర్గాన్ పరమాణువు ఎలక్ట్రాన్ కన్నా 73 వేల రెట్లు బరువు. రథచక్రానికి తగిలిన గోళీకాయలా ఎలక్ట్రాన్ దాన్ని కొట్టుకుని దాదాపు తన శక్తితోనే వెనక్కి వస్తుంది. ఒక్కో ఢీకి పోయేది 36 వేలలో ఒక వంతు. నైట్రోజన్, బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి అలా కాదు. అవి అణువులు. ఢీకొట్టగానే గిరగిరా తిరుగుతాయి, కంపిస్తాయి, ఎలక్ట్రాన్ తెచ్చిన శక్తినంతా పీల్చేసుకుంటాయి. కాబట్టి బొగ్గు పొగతో ఈ ఉపాయం పనిచేయదు. ఆర్గాన్ లేదా హీలియం కావాలి. అది ఖరీదు కాబట్టి బయటికి వదలకుండా తిప్పి తిప్పి వాడుకోవాలి. దాన్ని కాచడానికి అణు రియాక్టర్ కావాలి.

వాయువు 1500 నుంచి 2000 కెల్విన్ దగ్గర, ఎలక్ట్రాన్లు మాత్రం అంతకన్నా వెయ్యి, రెండు వేల డిగ్రీల పైన. ఒకే గొట్టంలో రెండు ఉష్ణోగ్రతలు! కెర్రెబ్రాక్, ఆయన సహచరుడు హాఫ్‌మన్ ఆర్గాన్‌లో పొటాషియం కలిపి కొలిచారు. కరెంటు పెంచుతుంటే వాహకత సిద్ధాంతం చెప్పినట్టే పెరిగింది. అయితే ఆ కొలతలు తీసింది అయస్కాంతం లేకుండా.

1962 సెప్టెంబర్. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్. అప్పటికింకా డరమ్ విశ్వవిద్యాలయంలో భాగంగా ఉన్న కింగ్స్ కాలేజీలో ఎమ్‌హెచ్‌డీ విద్యుత్తు మీద మొదటి పెద్ద అంతర్జాతీయ సదస్సు. ఊరి ఎంపికలో వేళాకోళం ఎవరూ ఉద్దేశించి ఉండరు గానీ, ఆవిరి టర్బైన్ కనిపెట్టిన చార్లెస్ పార్సన్స్ కర్మాగారం ఉన్న ఊరది. టర్బైన్‌ను సాగనంపాలనుకునేవాళ్లంతా టర్బైన్ పుట్టింట్లో చేరారు. పార్సన్స్ కంపెనీ తాలూకు పరిశోధన సంస్థే అక్కడ ఎమ్‌హెచ్‌డీ ప్రయోగాలు చేస్తోంది!

ఆ రోజుల్లో బ్రిటన్ వాయువుతో చల్లబరిచే రియాక్టర్ల మీద ఎన్నో ఆశలు పెట్టుకుంది. రియాక్టర్ వాయువు నేరుగా అయస్కాంతంలోకి, అక్కడి నుంచి కరెంటు తీగల్లోకి. కెర్రెబ్రాక్ లెక్క నిలిస్తే సాహా గోడకు తలుపు తెరుచుకున్నట్టే.

అదే సదస్సు ముందుకు మాస్కోలోని కుర్చతోవ్ సంస్థకు చెందిన ఎవ్గెనీ వెలిఖోవ్ పత్రం వచ్చింది. వయసు 27. మూడేళ్ల ముందే, అయస్కాంత క్షేత్రంలో తిరిగే వాహక ద్రవం ఎప్పుడు అదుపు తప్పుతుందో చూపించినవాడు. మరుసటి ఏడాది మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ కూడా ఆ ఫలితానికే చేరాడు. కృష్ణబిలాల చుట్టూ తిరిగే పదార్థానికి అది ఎంత ముఖ్యమో ఖగోళ శాస్త్రజ్ఞులు గ్రహించడానికి 1991 రావాల్సి వచ్చింది. అదుపు తప్పడం మీదే చూపున్న మనిషి వెలిఖోవ్. రెండు ఉష్ణోగ్రతల ప్లాస్మాను కూడా ఆ చూపుతోనే చూశాడు.

ప్లాస్మాలో ఎక్కడో ఒకచోట ఎలక్ట్రాన్లు పిసరంత ఎక్కువయ్యాయనుకుందాం. మామూలుగానైతే అది సర్దుకోవాలి. కానీ బలమైన అయస్కాంతంలో కరెంటు తిన్నగా పోదు, పక్కకు వాలుతుంది. హాల్ ప్రభావం అంటే ఇదే. వాలిన కరెంటు సరిగ్గా ఎలక్ట్రాన్లు ఎక్కువగా ఉన్న పట్టీల్లోనే పోగుపడుతుంది. అక్కడ వేడి పెరుగుతుంది. వేడికి ఇంకా పరమాణువులు చీలుతాయి. ఇంకా ఎలక్ట్రాన్లు, ఇంకా కరెంటు, ఇంకా వేడి. కన్ను మూసి తెరిచే లోపల ప్లాస్మా ఏటవాలు చారలుగా విడిపోతుంది. ఒక చార ఎలక్ట్రాన్లతో కిక్కిరిసి, పక్కది ఖాళీగా. చారల మధ్య ఖాళీలు దాటలేక మొత్తం మీద వాహకత పడిపోతుంది. దీన్నే తర్వాత అయనీకరణ అస్థిరత అన్నారు, వెలిఖోవ్ అస్థిరత అని కూడా అంటారు.

ఇది ఎప్పుడు మొదలవుతుంది? రెండు ఢీల మధ్య ఎలక్ట్రాన్ అయస్కాంత బలరేఖల చుట్టూ ఎంత తిరుగుతుందో చెప్పే సంఖ్య ఒకటుంది, హాల్ పరామితి. అది ఒకటీ రెండూ దాటిందా, చారలు మొదలు.

ఈ కథలో నన్ను బాగా పట్టేసిన మలుపు ఇదే. కెర్రెబ్రాక్ పద్ధతిలో ఎలక్ట్రాన్లు వాయువు కన్నా ఎంత వేడెక్కుతాయన్నది ఆధారపడేది కూడా ఆ హాల్ పరామితి మీదనే, అదీ వర్గంగా. వేడెక్కాలంటే ఆ సంఖ్య పెద్దదిగా ఉండాలి. పెద్దదైతే ప్లాస్మా చీలుతుంది. చిన్నదిగా ఉంచితే ఎలక్ట్రాన్లు వేడెక్కవు, మళ్లీ సాహా గోడ దగ్గరికే. తలుపూ ఉచ్చూ ఒకటే. అయస్కాంతం లేకుండా తీసిన ఆ అందమైన కొలతలు దీన్ని చూపించే వీలే లేదు. అయస్కాంతం పెట్టి చేసిన ప్రయోగాలు ఒకటొకటిగా వెలిఖోవ్ పక్షమే మాట్లాడాయి. లెక్క ప్రకారం రావాల్సిన కరెంటులో కొంత భాగమే చేతికొచ్చింది. వేగంగా తీసిన ఫొటోల్లో చారలు కంటికి కూడా కనిపించాయి.

1960లు ముగిసేసరికి బ్రిటన్ ఈ పని ఆపేసింది. వేడిని తగ్గించే సంగతి మానేసి వేడితోనే కాపురం చేద్దామన్నవాళ్లు ముందుకు పోయారు. మాస్కోలో అలెగ్జాండర్ షెయిండ్లిన్ నడిపిన ఉన్నత ఉష్ణోగ్రతల సంస్థ 1971లో సహజవాయువుతో నడిచే యూ-25 కేంద్రాన్ని మొదలుపెట్టి 20 మెగావాట్ల దాకా తీసింది. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగానే 1977లో అమెరికా దానికోసం 40 టన్నుల అతివాహక అయస్కాంతాన్ని సైనిక రవాణా విమానంలో మాస్కోకు పంపింది. భారత్ కూడా సోవియట్ సాయంతో తిరుచిరాపల్లి బీహెచ్‌ఈఎల్ ఆవరణలో, బార్క్ శాస్త్రవేత్తలతో 5 మెగావాట్ల ఉష్ణశక్తి గల ప్రయోగాత్మక కేంద్రం కట్టింది. వీటన్నిటిదీ పాత పోరే, ఎలక్ట్రోడ్లూ గోడలూ.

చల్లటి దారి మాత్రం పూర్తిగా మూసుకుపోలేదు. ఇక్కడే, పక్కన పెట్టి ఉంచమన్న సీసియం తిరిగొస్తుంది. చారలు ఎందుకొస్తున్నాయి? వేడి పెరిగిన చోట ఇంకా చీలడానికి పరమాణువులు మిగిలి ఉన్నాయి కాబట్టి. సూర్యుడిలో లాగా ఉన్న సీసియమంతా ముందే చీలిపోయి ఉంటే? వేడి పెరిగినా కొత్త ఎలక్ట్రాన్ రావడానికి చీలవలసిన సీసియం లేదు. ఆర్గాన్ చీలుదామంటే దానికి నాలుగు రెట్ల శక్తి కావాలి. 3.89కీ 15.76కీ మధ్యనున్న ఆ వెడల్పాటి జాగాలో ప్లాస్మా ప్రశాంతంగా ఉంటుంది. చేయాల్సిందల్లా సీసియంను బాగా తగ్గించడం, పదివేలలో ఒకటి రెండు వంతులకు. ఎలక్ట్రాన్లను 5000 కెల్విన్ చుట్టుపక్కల నిలబెట్టడం. జర్మనీలో రీడ్‌ముల్లర్, జపాన్‌కు చెందిన నకమురా చూపించిన దారి ఇది. ఎక్కువ వేస్తే ఎక్కువ కరెంటు వస్తుందని పదేళ్లు చిటికెలు పెంచిన లోహాన్ని ఇప్పుడు తగ్గించడమే మందైంది.

టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సుసుము షియోదా బృందం దీన్ని చివరిదాకా తీసుకెళ్లింది. గొట్టం బదులు పళ్లెం ఆకారంలో జనరేటర్ కట్టారు. వాయువు మధ్యలో చొరబడి అంచుల వైపు విరజిమ్ముకుపోతుంది. ఫుజీ-1 అని పేరు పెట్టిన ఆ సదుపాయంలో 2000 కెల్విన్ దాపుల్లోని ఆర్గాన్‌తో, రెండు ఉష్ణోగ్రతల ప్లాస్మా నుంచి నిజంగానే కరెంటు తీశారు. భౌతికశాస్త్రం పరంగా కెర్రెబ్రాక్ ఓడిపోలేదు. వెలిఖోవ్ తప్పూ కాలేదు.

కానీ ఆ 2000 కెల్విన్ ఎవరిస్తారు? జర్మనీలోని యూలిష్‌లో ఏవీఆర్ రియాక్టర్ 1974లో 950 సెల్సియస్ డిగ్రీల హీలియం ఇచ్చింది. రియాక్టర్ల లోకంలో అది మహా గొప్ప. ఎమ్‌హెచ్‌డీకి ఇంకా కొన్ని వందల డిగ్రీలు తక్కువ. ఇటు నుంచి ఎంత దిగినా అటు నుంచి ఎక్కేవాడు అందలేదు.

ఇంకా కిందికి దిగినవాళ్లూ ఉన్నారు. ఇజ్రాయెల్‌లో బీర్షెబా దగ్గర, రీగా నగరం నుంచి వలసొచ్చిన హెర్మన్ బ్రనోవర్ ప్లాస్మానే వదిలేశాడు. వాయువు బదులు కరిగిన సీసం, బిస్మత్ మిశ్రమం. 125 డిగ్రీలకే కరుగుతుంది. వాహకత ప్లాస్మా కన్నా పదుల వేల రెట్లు. అయితే లోహం ఆవిరిలా వ్యాకోచించదు, దానంతటది పరిగెత్తదు. నిలువు గొట్టం అడుగున ఆవిరి బుడగలు పంపి, తేలికైన లోహం పైకి లేచి బరువైంది కిందికి దిగే ఏర్పాటు చేశాడు. దిగే దారిలో అయస్కాంతం. పనిచేసింది, చిన్న స్థాయిలో. అదొక వేరే కథ.

వెలిఖోవ్ తర్వాత ఏం చేశాడు? ఉష్ణోగ్రతను తగ్గించే బదులు సమయాన్ని తగ్గించాడు. రాకెట్ ఇంధనం మండించి కొన్ని సెకన్లు మాత్రమే నడిచే ఎమ్‌హెచ్‌డీ జనరేటర్లు ఆయన ఆధ్వర్యంలో తయారయ్యాయి. కొద్ది సెకన్లకు ఏ గోడైనా తట్టుకుంటుంది. 1970ల్లో కోలా ద్వీపకల్పంలో వాటితో బారెంట్స్ సముద్రపు నీటిలోకి వేల ఆంపియర్ల కరెంటు పంపి భూగర్భాన్ని శోధించారు. 1986లో చెర్నోబిల్ పేలినప్పుడు అక్కడికి వెళ్లిన శాస్త్రవేత్తల్లో ఆయనా ఒకడు. 2024 డిసెంబర్‌లో చనిపోయాడు.

కెర్రెబ్రాక్ సంగతి ఇంకా చోద్యం. 1968లో ఎమ్‌ఐటీ గ్యాస్ టర్బైన్ లాబొరేటరీకి డైరెక్టరయ్యాడు. 1977లో విమాన ఇంజన్లు, గ్యాస్ టర్బైన్ల మీద ఆయన రాసిన పుస్తకం తరతరాల విద్యార్థులకు పాఠ్యగ్రంథమైంది. ఎమ్‌హెచ్‌డీ వాళ్లు ఉష్ణోగ్రతను కిందికి లాగుతున్న ఆ ఏళ్లలోనే టర్బైన్ వాళ్లు పైకి ఎక్కారు. రెక్కల లోపల సన్నటి దారులు తొలిచి చల్లటి గాలి పంపారు, ఒకే స్ఫటికంగా పోత పోశారు, పైన సిరామిక్ పూత పూశారు. లోపలికొచ్చే వాయువు రెక్క లోహం కరిగే వేడిని దాటిపోయినా రెక్క నిలిచింది. వెనకాల ఆవిరి టర్బైన్ జతచేసి, 2016లో ఫ్రాన్స్‌లోని బుషాన్ కేంద్రం ఇంధనశక్తిలో 62.22 శాతాన్ని కరెంటుగా మార్చింది. ఎమ్‌హెచ్‌డీ ఇస్తానన్నది 60.